కేతుకు పెట్టని ముద్ద

శనివారం, రాత్రి

పొద్దంతా ముసురు. పత్తి ఏరడం కుదరలేదు. మొగుళ్లపల్లి నుంచి వచ్చిన అక్కకు నా గ్రహాంతర నవల చివరి భాగం చదివి వినిపించాను. మొదటి నుంచీ రాణి వెనకే నిలబడ్డ అంగరక్షకుడు కేతు ఇందులో ఆమె కోసం చనిపోతాడు. తర్వాతి పేజీలో రాణికి పట్టాభిషేకం.

"మరి కేతు సచ్చిన మూడోనాడు పిట్టకు ముద్ద ఎవలు పెట్టిండ్రురా?" అంది అక్క.

"అది వేరే గ్రహం అక్కా. ఆడ పిట్టలుండవు."

"గంతంత ఓడలు ఎగురంగ పిట్టలెందుకు ఎగరయిరా?"

నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

బావ చనిపోయేదాకా తాను సారు అని పిలిచే ఒక నాయకుడికి కాపలాగా తిరిగాడు. మూడోనాడు బావకు పెట్టిన ముద్దను కాకి చాలాసేపు ముట్టలేదు. "సారు తొవ్వల ఉన్నడు, వస్తున్నడు బిడ్డా, తిను" అని పెదబాపు కాకికి చెప్పాకే ముట్టింది. సారు మాత్రం రాలేదు.

"మూడోనాటికి రాణినన్న రానియ్యి తమ్మీ," అంది అక్క.

కేతును బావను చూసే రాశాను. రాణి రాకపోవడమే నిజం. కానీ ఆ నిజం అక్కకు నాకంటే ముందే తెలుసు. పట్టాభిషేకం పేజీ తీసి పక్కన పెట్టాను. దాని చోట కేతు మూడోనాడు రాయాలి. రాణిని రానియ్యాలో వద్దో...

వాన తగ్గాక, నాలుగు గంటల బస్సుకు అక్క వెళ్లిపోయింది.