బోర్డు మీది చీనీచెట్లు

యాడికి,
శనివారం.

చిరంజీవి రామాంజులుకు పెద్దక్క ఆశీస్సులు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరికీ ఒళ్లు బాగుంది. కువైట్ ఎండల్లో నువ్వు జాగ్రత్త.

నీ జాబు అందింది. ఫోన్‌లో అయితే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి వింటారు. అందుకే రాసి, అక్కడికి వస్తున్న అల్లాబకాష్ చేతికి ఇస్తున్నాను. మన తమ్ముడు రాజేంద్ర కూతురు రేఖకు అక్షరాలు వచ్చాయా అని అడిగావు. నిన్నటి పొద్దు సంగతి రాస్తాను.

దీపం పెట్టి, రేఖను వెంటబెట్టుకుని అంగన్‌వాడీకి పోయాను. ఆయా మహబూబున్నీసా చాప పరిచి, గుడ్లు ఉడకేసి ఉంది. పోయినేటి పిల్లల్లో ఇప్పుడు సగం మంది కూడా లేరు. పనులకు వలస పోతూ అమ్మానాయనలు వెంట తీసుకుపోయారు. ప్రార్థన అయ్యాక రోజూ ఒక్కొక్కరిని ఒక మాట చెప్పమంటాను. వాళ్లు ఎట్లా అంటే అట్లే బోర్డు మీద రాసి, వేలు పెట్టి చదువుతాను. నోట్లోంచి వచ్చిందే అక్కడ కూర్చుందని ముందు తెలియాలి. అక్షరాలు ఆ తర్వాత.

ఇర్ఫానా "మా మేక ఈనింది" అంది. ఆనంద్ "నాకు పెద్ద గుడ్డు కావల్ల" అన్నాడు.

"అది రాయొద్దమ్మా, రేపొచ్చి చదివి మరీ అడుగుతాడు" అని మహబూబున్నీసా పొయ్యికాడి నుంచే నవ్వింది.

రేఖ ఇన్నాళ్లూ బోర్డు చూడకుండా పాటలాగా అనేసేది. నా వేలు ఒక చోట, దాని నోరు ఒక చోట. నిన్న అది చెప్పిన మాట రాయాలంటే, నువ్వు రెండు జాబుల్లో అడిగినా నేను దాటవేసిన సంగతి చెప్పాలి. మన చీనీతోట లేదు రామాంజులూ. బోరు వేసవిలోనే ఎండింది. కొన్నాళ్లు ట్యాంకరుతో తడిపాం. పోయిన వారం రాజేంద్ర ఆ బత్తాయి చెట్లన్నీ కొట్టించి బొగ్గుబట్టీకి ఎత్తించాడు. నువ్వు పెట్టినవి కూడా. "చెప్పొద్దక్కా, అన్న ఆడ అన్నం మానేస్తాడు" అన్నాడు.

రేఖ లేచి, "చీనీచెట్లు మా నాయన కొట్టేసినాడు" అంది. నా చేయి ఆగింది. అయినా రాశాను. చదివాం. అది దగ్గరికి వచ్చి మొదటి మాట మీద అరచేయి పెట్టింది.

"ఇదేనా చీనీచెట్లు?"

"అదే."

"ఈడ ఉండాయి కదత్తా. వీటిని కొట్టెయ్యలేదే."

మధ్యాహ్నం మహబూబున్నీసా తుడవడానికి గుడ్డ తెస్తే రేఖ బోర్డుకు అడ్డం నిలబడింది. మిగిలినవి తుడిపించి ఆ ఒక్క మాట ఉంచాం.

"ఏమ్మే, దానికి నీళ్లు కూడా పోస్తావా?" అని మహబూబున్నీసా అంటే అది నవ్వలేదు.

రాత అంటే ఏమిటో దానికి పట్టుబడింది. ఈ ఏడు నా దగ్గర ఉంటే చదువుతుంది. ఇప్పుడు విడిస్తే పోతుంది. పనుల నుంచి తిరిగివచ్చిన పిల్లలు పలక ముందు కొత్తవాళ్లలాగా కూర్చోవడం చాలాసార్లు చూశాను.

సాయంత్రం అందరం కూర్చున్నాం. బెంగుళూరులో కట్టడం పని దొరికిందని రాజేంద్ర చెప్పాడు. రేఖను నాకు వదిలిపెట్టమన్నాను.

మరదలు హేమ ఒళ్లో పసిదానితో, తల ఎత్తకుండా, "చంటిదాన్ని ఎవరు చూస్తారు వదినా? నేను ఇటుకలు మొయ్యల్ల కదా" అంది.

"బిడ్డను చూసేకి నువ్వొస్తావా అక్కా ఆడికి?" అని రాజేంద్ర అడిగాడు. ఎగతాళికి కాదు. అంగన్‌వాడీలో ఉన్న పిల్లలను వదిలి నేను పోలేను. 

చివరికి అనుకున్నది ఇది. సోమవారం గుత్తిలో రైలెక్కుతారు. రేఖ కూడా పోతుంది. పగలంతా చంటిదాన్ని అదే చూసుకుంటుంది. సరేనని అందరికంటే ముందు నేనే అన్నాను.

ఇట్లు,
నీ పెద్దక్క
బయమ్మ