పాలిపోయిన మడి

మే 21

చివరికి నేల దొరికింది. మామయ్యదే. ల్యాబ్ పొలంలో జానెడు చోటు కూడా లేదని మేడం చేతులెత్తేశాక అమ్మే గుర్తుచేసింది. నా తమ్ముడి పల్లపు పొలం చెక్క ఉంది కదే, ఏటా నీళ్ళు నిలిచి వరి గిడసబారిపోతోందని గోల పెడతాడు, వాణ్ణి అడుగు అంది.

అడిగాను. మామయ్య నవ్వాడు. టీ తాగి మళ్ళీ నవ్వాడు. సీసాలో పురుగులు తెచ్చి నా పొలంలో వదుల్తావా అన్నాడు. పురుగులు కాదు మామయ్యా, బ్యాక్టీరియా అన్నాను. పేరు మార్చినంత మాత్రాన పురుగు మనిషైపోతుందా అన్నాడు. అత్తయ్య పక్కనుంచి, ఇచ్చెయ్యండి, యూరియా బస్తాలు మోసి మోసి మీ మోకాలు ఎలాగూ పోయింది, ఇకనుంచి పురుగులే మోస్తాయి అంది. దాంతో ఖాయమైపోయింది.

ఇది నా ట్రయల్. రెండేళ్ళు అందరి ఫ్లాస్కులూ కడిగాక నాకంటూ ఒకటి. తేడా కనిపిస్తే మా సీసాలు రైతులకి వెళ్తాయి. కనిపించకపోతే మా ఇంక్యుబేటరూ దాని పక్క అలమారా పక్క ల్యాబ్‌లో పుట్టగొడుగులు పెంచే పుట్టగొడుగులాయనకి ఇచ్చేస్తామని పెద్దసారు మీటింగులో చెప్పేశారు. పుట్టగొడుగులాయన మంచివాడే. టేపు పట్టుకుని మా అలమారా కొలవకుండా ఉంటే ఇంకా మంచివాడు.

మే 28, సాయంత్రం

విత్తనాలు చల్లాం. ఇది పచ్చిరొట్ట ఎరువుకి వేసే జీలుగలోనే వేరే రకం. మామూలు జీలుగకి వేళ్ళ మీద బుడిపెలొస్తాయి. వాటిలో బ్యాక్టీరియా కాపురం పెట్టి, గాల్లో ఉన్న నత్రజనిని పట్టి మొక్కకి వండిపెడుతుంది. నీళ్ళు నిలిస్తే వేళ్ళకి ఊపిరాడదు, వంట ఆగిపోతుంది. ఈ రకానికి కాండం మీద కూడా బుడిపెలొస్తాయి. కింద ఎన్ని నీళ్ళున్నా మేడ మీద వంటిల్లు నడుస్తూనే ఉంటుంది. ఏపుగా పెరిగాక మొక్క మొత్తాన్ని మట్టిలో దున్నేస్తే ఆ తిండంతా తర్వాత వేసే వరికి.

అత్తయ్యకి ఇలాగే చెప్పాను. మేడ మీద వంటిల్లా, ఎక్కీ దిగీ ఛస్తుంది పాపం అంది.

ఆరు మళ్ళు చేశాం. మూడింటికి మొక్కలు కాస్త ఎదిగాక కాండం మీద బ్యాక్టీరియా స్ప్రే చేస్తాను. మూడింటికి ఏమీ చెయ్యను. అవి కంట్రోల్. చీటీలు వేస్తే రెండు కంట్రోల్ మళ్ళు గట్టు పక్కనే పడ్డాయి, ఒకటి నడిమధ్య పడింది. కంట్రోల్ అంటే ఏమిటని మామయ్య అడిగాడు. తేడా తెలియడానికి ఊరికే వదిలేసేవి అన్నాను. ఊఁ అన్నాడు. ఆ ఊఁ నేను పట్టించుకోలేదు.

జూన్ 19

స్ప్రే చేశాను! ఐస్‌పెట్టెలో సీసాలు పెట్టుకుని బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని వచ్చాను. పక్క సీటావిడ చేపలా అని అడిగింది. కాదండీ అంటే, మరేంటి అంది. చెప్పాను. ఆవిడ కిటికీ వైపుకి జరిగింది.

మొక్కలు మోకాలెత్తు దాటాయి. ఒక్కో కాండానికీ నాలుగు వైపులా తడిసేలా, కింది నుంచి పైదాకా కొట్టాను. మామయ్య గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, ఉత్త నీళ్ళు చల్లి పంట పండించేస్తున్నావు, మేమంతా ఇన్నాళ్ళూ వెర్రివాళ్ళలా బస్తాలు కొన్నాం అన్నాడు. దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించాడు. నా మేనకోడలు, పెద్ద చదువు, మొక్కలకి స్నానం చేయిస్తోంది అని. ఒళ్ళు మండింది. అయినా నవ్వొచ్చింది.

వాన పడి కడిగేస్తే మళ్ళీ కొట్టడానికి రెండు సీసాలు అత్తయ్య ఫ్రిజ్‌లో పెట్టాను. తాగకూడదు అని లేబుల్ అంటించమంది. ఎవరు తాగుతారు అత్తయ్యా అంటే మామయ్య వైపు చూసింది.

జూన్ 20

నడుము లేవట్లేదు. బ్యాక్టీరియా మాత్రం హాయిగా ఉండి ఉంటుంది.

జూన్ 28

వచ్చాయి వచ్చాయి వచ్చాయి.

కాండం మీద వరసగా, చిన్న చిన్న ఆకుపచ్చ బుడిపెలు. చెమటకాయలంత. ఇంకా కొన్నాళ్ళకి మిరియాలంత అవుతాయి. ఒకటి గోటితో గిల్లాను. లోపల లేత ఎరుపు. ఆ ఎరుపుంటే పని జరుగుతున్నట్టు. మామయ్యకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. మొక్కకి పొంగు పోసింది అన్నాడు. ఇంకోటి తనే గిల్లి చూశాడు. ఇంకోటి. మామయ్యా అవి నా డేటా అని చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

వాన లేదు. రెండో స్ప్రే అక్కర్లేదు.

జులై 7

తేడా ఇప్పుడు రోడ్డు మీది నుంచే తెలుస్తోంది. స్ప్రే చేసిన మళ్ళు ముదురాకుపచ్చగా, నా భుజం దాటి నవనవలాడుతున్నాయి. కంట్రోల్ పొట్టిగా, పాలిపోయి, జ్వరం నుంచి లేచిన పిల్లల్లా ఉన్నాయి. నాకు గాల్లో తేలుతున్నట్టుంది. ఇంత చక్కగా పాలిపోయిన కంట్రోల్ నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

మామయ్య మాత్రం గంతులెయ్యలేదు. వాటికి కూడా కొంచెం కొడితే పోలా అన్నాడు. తేడా చూపించడానికే వాటిని అలా ఉంచాలని చెప్పాను. తేడా చూశాం కదా, ఇంకా ఎన్నాళ్ళు చూస్తాం అన్నాడు. దున్నేదాకా అన్నాను. ఇద్దరు పిల్లల్లో ఒకడికి పెట్టి ఇంకొకణ్ణి ఎదురుగా కూర్చోబెట్టడం, ఇదేం చదువే అన్నాడు. సైన్స్ మామయ్యా అన్నాను, చాలా గొప్పగా.

జులై 9

అత్తయ్య ఫోన్. ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద నీళ్ళు చల్లుకునే స్ప్రే బాటిల్ కనబడటం లేదట. పక్కింటావిడ మీద అనుమానమట. అరగంట మాట్లాడింది. మొక్కల గురించి ఒక్క ముక్క లేదు.

జులై 19

పుట్టి మునిగింది.

కంట్రోల్‌లో బుడిపెలు. గట్టు పక్క రెండు మళ్ళలోనూ. పైగా ఆకులు పచ్చబడుతున్నాయి. కళ్ళు తిరిగి గట్టు మీదే కూర్చుండిపోయాను. మామయ్య వచ్చి, ఏమ్మా ఎండ తగిలిందా అన్నాడు. చూడు మామయ్యా అని చూపించాను. అరె, వీటికీ వచ్చేశాయే, మంచిదే కదా అన్నాడు. మంచిదా! ఆయన్ని కాలవలో తొయ్యాలనిపించింది.

జులై 20

నేనే ఏదో చేశాను. ఆకులు కోసిన కత్తెర కడక్కుండా అటునుంచి ఇటు వాడానేమో. గాలికి తుంపర ఎగిరిందేమో. గ్లౌజులు. చీపురు. ఏమో. ఇరవై ఐదున పెద్దసారు చూడటానికి వస్తున్నారు. మేడానికి ఇంకా చెప్పలేదు. చెప్పడానికి గుమ్మం దాకా వెళ్ళి, పెన్ను కావాలని అడిగి తెచ్చుకున్నాను.

పుట్టగొడుగులాయన అలమారా లోతు కూడా కొలిచాడు. భయంగా ఉంది. రెండేళ్ళు కడిగిన ఫ్లాస్కులన్నీ గుర్తొస్తున్నాయి.

జులై 21, మధ్యాహ్నం

ఏడుపు ఆపుకుని ఒక్కో మొక్కా చూశాను. గాలి తెస్తే మొక్కకి అన్ని వైపులా రావాలి. కత్తెర వల్ల అయితే కోసిన మొక్కలకే రావాలి. వీటికి గట్టు వైపునే ఉన్నాయి బుడిపెలు, అవతలి వైపు కాండం నున్నగా ఉంది. అవీ గట్టు నుంచి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్న మొక్కలకే. నడిమధ్య కంట్రోల్ మడిలో ఒక్క బుడిపె లేదు, ఎప్పటిలాగే పాలిపోయి ఉంది.

గాలి గట్టు మీద నిలబడి చెయ్యి చాపదు.

ఇంటికెళ్ళాను. అత్తయ్య ఎడాపెడా చెప్పుకుపోతోంది. ఆ స్ప్రే బాటిల్ దొరికిందట, పశువుల కొట్టంలో. దాంతోనే నీళ్ళు చల్లి మామయ్య తెల్లచొక్కా ఇస్త్రీ చేసిందట. చొక్కా పులిసిన వాసన కొడుతుంటే, అదే వేసుకుని ఆయన పెళ్ళికెళ్ళాడట, పక్కన ఎవరూ కూర్చోలేదట. బాటిల్ తీసి వాసన చూశాను. ఆ వాసన నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, దాని మధ్యే రెండేళ్ళు బతికాను. ఫ్రిజ్ తెరిచాను. రెండు సీసాల్లో ఒకటి ఖాళీ, ఒకటి సగం.

మామయ్య గుమ్మంలోకి వచ్చి, ఫ్రిజ్ తెరిచి ఉండటం చూసి, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

అదే రోజు, బస్సులో

అరిచాను. మామయ్య మీద జన్మలో అరవలేదు. రెండేళ్ళ పని, అలమారా, పెద్దసారు, అన్నీ కలిపి అరిచాను. ఆయన ఫ్రిజ్ తలుపు మూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. రోజూ పొద్దున్న ఆ గట్టు మీదుగానే వెళ్ళాలట. పక్కవి అంత పచ్చగా ఉంటే ఇవి తనవైపే చూస్తున్నట్టుండేదట. మందు తన ఇంట్లో, తన ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె వెనకాల ఉందట. బతికే మొక్కని కావాలని మాడ్చడం తన చేతకాదట. అమ్మా, బస్తా యూరియా వెయ్యలేదు, నీ మందే వేశాను, నీ పద్ధతిలోనే అన్నాడు.

నడిమధ్య మడికి కూడా దిగుదామనుకున్నాడట. బురదలో మోకాలు ఒప్పుకోలేదట. ఆ మోకాలికి దండం పెట్టాలనిపించింది.

కోపం పోలేదు. కానీ మే నెలలో నవ్విన మనిషి జులైలో దొంగతనానికి దిగాడు. అది తలుచుకుంటే నవ్వొచ్చి, పక్క సీటాయన చూశాడు.

జులై 22

మేడానికి అంతా చెప్పాను. తల పట్టుకున్నారు. ఒక్క కంట్రోల్‌తో ట్రయల్ నిలబడదు, ఉన్నదున్నట్టు పెద్దసారుకి చెబుదాం, దాచొద్దు అన్నారు. కాసేపయ్యాక, ఆ చొక్కా సంగతి ఇంకోసారి చెప్పు అన్నారు.

జులై 25

పెద్దసారు వచ్చారు. నవ్వని మనిషి. వెనకే పుట్టగొడుగులాయన, కారులో చోటుందని వచ్చాడట. నేను దాచకుండా చెప్పాను, ఈ రెండు మళ్ళూ చెడిపోయాయి, లెక్కలోకి రావు అని. ఆయన నడిమధ్య మడి చూశారు, దాని పక్క పచ్చటి మడి చూశారు. బుడిపె గిల్లి ఎరుపు చూశారు.

ఉన్నట్టుండి మామయ్య వైపు తిరిగి, పొలం మీదే కదా, మీ మేనకోడలని కాకుండా చెప్పండి, ఇదంతా మీరు నమ్ముతారా అని అడిగారు.

మామయ్య ఉతికిన తెల్లచొక్కా సర్దుకుని, నమ్మకపోతే దొంగతనం ఎందుకు చేస్తానండీ అన్నాడు.

పెద్దసారు నవ్వారు. ఆయనకి పళ్ళున్నాయని మేడానికి కూడా ఇవాళే తెలిసినట్టుంది. పుట్టగొడుగులాయన టేపు జేబులోకి తోసేశాడు.

కానీ నవ్వు వేరే, పని వేరే. ఈ ట్రయల్ చెల్లదు, వచ్చే ఏడు మళ్ళీ చెయ్యాలి, అప్పటిదాకా అలమారా మీ దగ్గరే ఉంటుంది అన్నారు. మామయ్య వదిలిపెట్టలేదు. ఈ సీసాలు మాకెప్పుడు అమ్ముతారండీ అని అడిగాడు. వచ్చే ఏడు కంట్రోల్ మళ్ళు మీరు పాడుచెయ్యకుండా ఉంటే ఆ పై ఏడు అన్నారు సారు. మామయ్య ముఖం చూడాలి. అందరికీ మందు రావాలంటే ఆ మూడు మళ్ళూ కళ్ళెదుట మాడాలి. నడిమధ్య మడి వైపు ఓసారి చూశాడు. సరేనండీ, అటువైపు చూడను అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక గట్టు మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే. అత్తయ్య టీ తెచ్చింది.

జులై 30

దున్నేశాం. పచ్చటివీ పాలిపోయినవీ అన్నీ ఒకే మట్టిలోకి పోయాయి. హమ్మయ్య, ఇప్పుడు అందరూ సమానమే అన్నాడు మామయ్య.

డిసెంబరు 3

ఆ చెక్కలో వరి నూర్చారు. అంతటా ఒకేలా లేదు, నడిమధ్య చిన్న చదరం మాత్రం పలచగా, పొట్టిగా వచ్చింది. ఎక్కడో తెలుసు కదా. మామయ్య ఆ గింజలు విడిగా పట్టుకొచ్చి, ఇవి నా మోకాలు చేసిన తప్పు అన్నాడు.

మరుసటి ఏడు, జూన్ 29

మళ్ళీ పాలిపోయాయి, మూడూ. బోర్డు రాయించి గట్టు మీద పాతాను: ఈ మొక్కల మీద జాలి పడకండి. మామయ్య కాలవ అవతలి నుంచి చుట్టూ తిరిగి పొలానికి వెళ్తున్నాడట. అత్తయ్య ఇస్త్రీ బాటిల్ బీరువాలో పెట్టి తాళం వేసిందట.

నిన్న వాన పడితే ఇవాళ స్ప్రే మళ్ళకి రెండోసారి కొట్టాను, నా చేతిలో సగం సీసా మిగిలింది. గట్టు మీద నేనొక్కదాన్నే ఉన్నాను. బోర్డు రెండుసార్లు చదువుకున్నాను.