వెన్నుపక్క సూది

తిరుత్తణి, మంగళవారం రాత్రి

గురువారం తిరువళ్లూరులో నా కూతురు పద్మకి రొమ్ము ఆపరేషన్. పూర్తి మత్తుతో పాటు వెన్నుపక్కన ఒక ఇంజెక్షన్ వేస్తే, గాయం మానాక కూడా నెలల తరబడి వేధించే నొప్పి వచ్చే అవకాశం తగ్గొచ్చని మత్తు డాక్టరమ్మ ఇవాళ ఓపికగా చెప్పింది. పద్మ ఒక్క మాటలో తేల్చేసింది.

"వెన్ను దగ్గర సూది మాత్రం వొద్దు డాక్టర్. మా అమ్మ నడుము చూస్తానే పెరిగినాను."

నిజమే. దీన్ని సిజేరియన్ చేసి తీసినప్పుడు వేసిన సూదే నా నడుము విరిచిందని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పాను. దీని పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను కూడా వదల్లేదు. అసలు కారణం గుంటమగ్గమని నాకు తెలుసు. పగలంతా బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం నుంచి వంగి చీరలు నేస్తే నడుము మరెలా ఉంటుంది? కానీ మగ్గాన్ని తిడితే అత్తగారికి కోపం. సూదిని తిడితే ఎవరూ అలగరు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చెప్పేశాను.

"నా నొప్పి సూది వల్ల కాదే, మగ్గం వల్ల."

"ఇన్నేండ్లూ సూది అంటివి, ఇప్పుడు మగ్గమా? నన్ను ఒప్పించేదానికి మాట మారస్తా ఉండావు మా."

"ఒట్టు."

"నీ ఒట్లు నాకు తెలీవా?" అని నవ్వి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

రేపు డాక్టరమ్మకి ఫోన్ చేసి, నేను లేకుండా దానితో మళ్లీ మాట్లాడమనాలి. వింటుందో లేదో. ఇన్నేళ్లూ సూది మీద చెప్పిన నా మాట నెగ్గకూడదని నేను కోరుకోవడం ఇదే మొదటిసారి.