తిరిగిన రేకు, తిరగని నూలు

మంగళవారం, తిరుత్తణి

ఇవాళ కంప్యూటర్లో ఒక పూరేకు గీసి తిప్పితే అది ఉన్నచోటే గిరగిరా తిరిగింది. దాని నడిమధ్యన, అది ఏ చోటు చుట్టూ తిరగాలో చూపే చిన్న చుక్కను మౌసుతో పట్టుకుని రేకు మొదలుకు జరిపాను. ఇప్పుడు కాపీలు తీస్తూ తిప్పితే ఎనిమిది రేకుల పువ్వు విచ్చుకుంది! ఒక్క చుక్క జరిగితే ఇంత మారుతుందా?

చీర కొంగు మీద ఇట్లాంటి పువ్వే కావాలంటున్న పెళ్లివాళ్లు రేపు మా చీరల కొట్టుకు వస్తారు. కుదరదంటే వేరే కొట్టు చూసుకుంటారు. అందుకే ప్రింటు తీసుకుని, అత్తిమంజేరిపేటలో మగ్గం నేసే బావ దగ్గరికి వెళ్లాను.

బావ దాన్ని, నేతకు ముందు డిజైను రాసుకునే గళ్ల కాగితం పక్కన పెట్టి నవ్వాడు.

"నీ కంప్యూటరు ఎట్లన్నా తిప్పతాది బామ్మర్దీ, నా నూలు తిరగదు! నిలువు, అడ్డం, అంతే. ఏటవాలుగా ఉండే నాలుగు రేకులూ మెట్లుమెట్లుగా వస్తాయి."

"అయితే ముడియాదా, కుదరనే కుదరదా బావా?"

"ఎవురు చెప్పినారు? ఆ నాలుగూ నేను వేరేగా గళ్లల్లో రాస్తా. రవంత లావుగా ఉంటాయి."

పువ్వు మొత్తం అక్కడే రాసిచ్చాడు. ఇంటికొచ్చి ఆ కాగితం గోడకు ఆనించి చూశాను. దగ్గర్నుంచి అన్నీ మెట్లే. నాలుగడుగులు వెనక్కి వస్తే గుండ్రటి పువ్వు! కళ్లు ఆ మెట్లను ఎట్లా కలుపుకుంటాయో...

మెట్లుంటాయని రేపు ముందే చెప్పేస్తాను. చెప్పాక, ఆ పెళ్లికూతురిని నాలుగడుగులు వెనక్కి నిలబడి చూడమంటాను.