పిన్నీసుతో రాని సిమ్ము

అన్నా, అమ్మతో చెనిక్కాయలు పీకడానికి పోతున్నాను. చేనులో సిగ్నల్ రాదని ఫోను గూట్లో పెట్టాను. నర్సింగ్ కాలేజీవాళ్ళు ఈరోజు ఫోను చేస్తారు. ఎత్తి, మా కృప తప్పకుండా చేరుతుందని చెప్పు.

పిన్నీసుతో పొడవకు. లోపల కార్డు లేదు. నిన్న బత్తలపల్లెలో నంబరును ఈ-సిమ్‌గా మార్పించాను. అది నీ ఫోనులోకి రావాలంటే నేను లాక్ తీసి ఒప్పుకోవాలి.

పోయినసారి నీ రీచార్జి అయిపోయిందని నా సిమ్ము పీకి నీ ఫోనులో వేసుకుని గోరంట్లకు పోయావు. వాళ్ళు చేస్తే రాంగ్ నంబరని పెట్టేశావు. నేనేడిస్తే, "నీకెవురు చేస్తారులే పాపా ఫోను?" అని నవ్వావు. ఆ సీటు పోయింది. దీన్ని పోనివ్వను.

కృప

సంగటి మూత కింద ఉంది. నంచుకోడానికి ఊరిబిండి నీకోసమే నూరాను. నెట్ కావాలంటే సాయంత్రం హాట్‌స్పాట్ ఇస్తాను. నంబరు మాత్రం ఇవ్వను.