తిన్నాక వేసుకునే మాత్ర

క్యాతగానచెర్లు

చిరంజీవి మల్లికకు పెద్దక్క ఆశీస్సులు. హుబ్బళ్లిలో నువ్వు, మీ ఇంటాయన, పిల్లలు చల్లగా ఉండాలని దీపం పెట్టినప్పుడల్లా వేడుకుంటున్నాను. ఇక్కడ అందరం ఉన్నాం. క్షేమం సంగతి చదివేకొద్దీ నీకే తెలుస్తుంది.

శ్రావణంలో ఒక శనివారం పొద్దు గుర్తుకొస్తోంది. నేను వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు వేస్తున్నాను. ఎల్లక్క పొయ్యి మీద రాగి ముద్ద కెలుకుతోంది. మీ అన్న ఓబులేశు తలస్నానం చేసి, నామం పెట్టుకుని, తడి తువ్వాలు భుజాన వేసుకుని గడప మీద కూర్చున్నాడు. తూర్పున సోలార్ ప్యానెళ్ల మీద ఎండ పడి కళ్లు చెదురుతున్నాయి.

"మాత్ర వేసుకుంటివా?" అని అడిగాను.

"ఈ పొద్దు ఒక్కపొద్దు గదక్కా! తిన్నాక వేసుకోమన్న మాత్ర, తినకుండా ఎట్ల వేసుకునేది?"

లోపల్నుంచి ఎల్లక్క అందుకుంది. "చూడు వదినా, పెండ్లాం మాట వినడు గానీ డాక్టరు మాట అయితే అచ్చరం తప్పడు నా మొగుడు!"

ముగ్గురం నవ్వాం. ఇంట్లో నవ్వు వినిపించి అప్పటికి చాలా కాలమైంది. నాకు అదే చాలనిపించింది.

నువ్వు పోయిన ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. ఆ మాత్రలు ఎన్నాళ్లు వాడాలని ఒకటి. డాక్టరు ఆపమనేదాకా వాడాలి. మన చేను ప్యానెళ్ల కిందికి పోయిన తరువాత వాడికి ఎవరో పిలుస్తున్నట్టు వినపడడం మొదలైంది కదా. జిల్లా నుంచి నెలకోసారి పావగడ ఆసుపత్రికి వచ్చే మానసిక డాక్టరు ఇచ్చిన మాత్రలతోనే అది తగ్గింది. ఆశా కార్యకర్త గీత ప్రతి నెలా వాణ్ణి వెంటబెట్టుకుని పోయేది.

ఫోన్ చేసినప్పుడల్లా అన్న నిద్రపోతున్నాడనే ఎందుకు చెబుతావని రెండోది. ఆ జవాబు ఫోన్‌లో నోటికి రాలేదు. వాడు నిద్రపోవడం లేదు మల్లికా. తుమకూరులో ఆసుపత్రిలో ఉన్నాడు.

శనివారం ఒక్కపొద్దు సోమవారానికి, శుక్రవారానికి పాకింది. శ్రావణం పోయినా వదల్లేదు. "స్వామి చెప్పినాడు" అనేవాడు. ఒక మధ్యాహ్నం విత్తనం శెనక్కాయలు పంచెలో మూటగట్టుకుని, కంచె దూరి పోయాడు. మన చేను ఉండిన చోట, ప్యానెళ్ల కింద, గోళ్లతో నేల తవ్వి గింజలు వేస్తున్నాడు. లేపబోయిన వాచ్‌మన్‌ను కొట్టాడు. అడ్డం పోయిన ఎల్లక్కనూ కొట్టాడు. ఆమె ముంజేయి విరిగింది. గీత వాణ్ణి పావగడకు తీసుకుపోతే, అక్కడి డాక్టరు తుమకూరుకు ఫోన్ చేసి అంబులెన్సులో పంపించాడు.

"మాత్రలు మధ్యలో ఆపారా?" అని వార్డులో డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను. ఆ మందు వాడికి పని చేయలేదనే వాళ్లు అనుకున్నారు.

ఆమెకు చెప్పనిది నీకు చెబుతున్నాను. వాడు మానిన మాత్రలు పారేయలేదు. దేవుని గూట్లో పటం వెనక పళ్లెంలో పెట్టేవాడు. రోజూ దీపం పెట్టేది నేనే. చూశాను. స్వామికి ఇచ్చుకున్నాడులే అని ఆ పళ్లేనికి కూడా హారతి చూపించాను.

నిన్న సాయంత్రం శ్రీరామప్ప చిన్నాన్న వచ్చాడు. గీతా ఉంది.

"మందుకే లొంగని జబ్బంటాండారు. యాడన్నా ఆశ్రమంలో ఇడిసిపెట్టొస్తాం. ఇంగ ఈడ ఎవురు కాసేది?" అన్నాడు చిన్నాన్న.

నేను లేచిపోయి ఆ పళ్లెం తెచ్చి వాళ్ల మధ్యలో పెట్టాను. జరిగింది చెప్పాను.

గీత మాత్రలను వేలితో కదిపింది. "ఏంది పెద్దమ్మా ఇది? మందు ఆయప్ప కడుపులోకే పోకపోతే ఎట్ల లొంగుతాది?" అంటూనే వార్డుకు ఫోన్ చేసింది. పావగడ డాక్టరుకూ చెప్పింది. కాసేపటికి, వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారని కబురొచ్చింది. నెలకోసారి పావగడలోనే సూది వేస్తారట. అది పట్టేదాకా మాత్రలూ తప్పవట.

ఆశ్రమం వద్దనుకున్నాం. వార్డు నుంచి పంపగానే ఇంటికే తెస్తాం. "నాకు బయమైతాంది వదినా" అంది ఎల్లక్క. ఆమె అరసికెరెలో పుట్టింట్లో ఉండేటట్టు తేలింది. ఎప్పటిదాకో తెలియదు. ఓబులేశుకు ఇక ఒక్కపొద్దులు లేవు. నేను తింటేనే వాడు తింటాడని, చిన్నప్పటి నుంచి విడవని నా శనివారం ఒక్కపొద్దు కూడా ఇక లేదన్నారు. పొద్దున్నే వాడి ఎదురుగా కూర్చుని ముద్ద తినాలి. సరేనన్నాను.

ఇట్లు,
నీ పెద్దక్క ఓబక్క