పిడి లోపలి వైపు

క్రిసాంతో అన్నయ్యా,

నిన్న మన దనావ్ ఊరి పేపర్లో నీ ఫొటో చూశాను. నేను చెక్కిన పిస్తోలు పిడి పట్టుకుని నవ్వుతున్నావు. "మా చెల్లెలా? ఉప్పుకాగితం రుద్దేది, అంతే" అన్నావట.

ఏడేళ్లు నర్రా కర్రని ఉలితో, ఆకురాయితో ఒక్కొక్కరి చేతికి అతికేట్టు మలిచింది నేను. పైన నీ పేరు చెక్కమన్నావు, చెక్కాను. తుపాకీకి ఆనుకుని ఎవరికీ కనపడని లోపలి వైపు మాత్రం, ప్రతి పిడి మీదా, "ఇది చెల్లెలి పని, అన్నకి ఉలి పట్టడం రాదు" అని చెక్కాను.

వానాకాలం వస్తోంది కదా. పిడి ఊడదీసి లోపల కొబ్బరినూనె రాసుకోమని, కొన్నవాళ్లందరికీ నిన్ననే ఉత్తరాలు వేశాను. ఒకటే స్క్రూ, తేలిగ్గా వచ్చేస్తుందని కూడా రాశాను.

ఇట్లు,
నీ ఉప్పుకాగితం చెల్లెలు